సోమవారం అర్జీ ఊరికే మూతపడితే తప్పెవరిది? నాయకుడిదా, ఆఫీసుదా?

నీవానది:

ఓట్లు అయిపోయినాక నాయకులకు జనం కష్టం పట్టదనే మాట మన చిత్తూరు జిల్లాలో ఏ టీ అంగడి కాడ నిలబడినా వినిపిస్తుంది. ఆ మాట దగ్గరే ఆగిపోతే ఏ పనీ కదలదు. అందుకే ఈ ప్రశ్న పెడుతున్నా: ఎమ్మెల్యేకో మంత్రికో మన కష్టం అందకపోవడానికి కారణం ఆయన తీరా? లేక పైకి పోయే దారిలోనే మన కష్టం వేరే రూపంలోకి మారిపోతోందా?

నేను రెండోదే అంటాను. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌నే చూడండి. దాని పేరు మొదట "మీకోసం" అన్నారు, 2019లో స్పందన అయింది, 2023లో జగనన్నకు చెబుదాం వచ్చింది, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఫోన్ నంబరు 1100 నుంచి 1902కు పోయి మళ్లీ 1100కే వచ్చింది. లోపల నడిచే పని మాత్రం ఎప్పుడూ ఒకటే. ఆపరేటర్ అర్జీని టైప్ చేసి, శాఖ ఎంచి, నంబరు ఇస్తాడు. అది జిల్లా అధికారి లాగిన్‌కు చేరి, అక్కడి నుంచి మండలానికి దిగుతుంది. తహసీల్దారు ఆఫీసు మీద పెట్టిన అర్జీ చివరికి ఆ తహసీల్దారు ఆఫీసుకే జవాబు కోసం వస్తుంది.

గడువు దాటితే పెండింగ్ జాబితాలో పేరు పడుతుంది కాబట్టి, ఏదో ఒకటి రాసి మూసేస్తారు. "అర్జీదారునికి వివరించడమైనది" అనో, "సివిల్ కోర్టును ఆశ్రయించవలసినదిగా తెలియజేయడమైనది" అనో ఒక వాక్యం. మూసినదంతా పరిష్కారమైన లెక్కలోకే పోతుంది. సమీక్షలో మంత్రి ముందుకొచ్చేది ఆ శాతం. భూమి సరిగ్గా కొలిచి తేల్చిన అర్జీ, కొలవకుండానే మూసిన అర్జీ ఆ కాగితం మీద ఒకటే. ఆయన ఎంత మంచి మనిషైనా ఆ కాగితం చూసి తెలుసుకునేది ఏముంది?

తోటకాపు:

అన్నా, దారి మీదికి తోసేస్తే నాయకులకు సులువైపోతుంది. 2025 తోతాపురి మామిడి సీజన్‌లో సమాచారం చేరలేదనే మాటే లేదు. కాయ విరగ్గాసింది, అంతకుముందు ఏటి గుజ్జు ఫ్యాక్టరీల్లో మిగిలి ఉంది, రేటు కిలో నాలుగైదు రూపాయలకు పడింది. అందరికీ తెలుసు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 వేస్తుంది. పక్క రాష్ట్రం కాయ రాకుండా జిల్లా యంత్రాంగం జూన్‌లో ఆంక్ష పెట్టింది, దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ కూడా రాశారు. ఇన్ని జరిగినాయంటే పైవాళ్లకు తెలిసినట్టే కదా.

తెలియనిది ఒక్కటే, ఫ్యాక్టరీ గేటు. ట్రాక్టర్‌లో ఐదు టన్నులు వేసుకుని పోయారనుకోండి. 12 చొప్పున 60 వేలు రావాలి. అందులో ఫ్యాక్టరీ 8 కాకుండా 4 కట్టిస్తే 20 వేలు ఇప్పుడు, సబ్సిడీ 20 వేలు ఎప్పుడో. కోత కూలి, ఎత్తుడు కూలి, బాడుగ ఆ మొదటి 20 వేలలోనే పోవాలి. గేటు ముందర రెండు మూడు దినాలు నిలబడితే ట్రాక్టర్‌కు వెయిటింగ్ బాడుగ వేరే. ఆ రెండు దినాల్లో లోడు మధ్యలో వేడి పట్టి కాయ మెత్తబడుతుంది, అడుగు కాయ నలిగి రసం కారుతుంది. అప్పుడు గేటు కాడ తరుగు తీస్తారు, లేదా లోడునే వెనక్కి పంపిస్తారు. వెనక్కి పంపిన లోడుకు ర్యాంపులో, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, ఏ రేటు చెబితే అదే రేటు.

ఇది ఆపాలంటే ప్రకటన రోజే మూడు పనులు చేసి ఉండాలి. ఒక్కో ఫ్యాక్టరీ రోజుకు ఎన్ని టన్నులు ఆడించగలదో రాతపూర్వకంగా తీసుకోవాల. దానికి తగ్గట్టు ఊరి వారీగా కోత తేదీలు రైతు సేవా కేంద్రంలో అతికించాల. గేటు కాడ టోకెన్ మీద వచ్చిన టైము, లోపలికి పోయిన టైము రెండూ పడాల. టోకెన్లు ఇచ్చినారు సరే, చెట్టు మీద కాయ ఎప్పుడు కోయాలో చెప్పకుండా టోకెన్ ఇస్తే క్యూ రోడ్డు మీదికి మారిందంతే.

తర్వాత ఏమైంది? జులై 9న మాజీ ముఖ్యమంత్రి జగన్ బంగారుపాళ్యం వచ్చారు. అక్కడి నుంచి వాదనంతా ఆ పర్యటన చుట్టూ తిరిగింది. రోడ్డు మీద కాయలు ఎవరు పోశారు, ఎంతమంది వచ్చారు, ఎవరి మీద కేసులు పెట్టారు అని ఈ పక్షమూ ఆ పక్షమూ మాట్లాడింది. టోకెన్ తేదీ గురించి గట్టిగా అడిగినవాళ్లు నాకు కనబడలేదు. ఇది దారి లోపం కాదు. చూడదలుచుకోకపోవడం.

సర్వే రాయి:

తోటకాపు గారు చెప్పినదానికి ఇంకొకటి కలపాలి. సబ్సిడీ పడాలంటే రైతు పేరు, పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా, తూకం చీటీ ఇవన్నీ ఒకే పేరు మీద కలవాలి. ర్యాంపులో అమ్మితే తూకం చీటీ చాలాసార్లు వ్యాపారి పేరు మీద ఉంటుంది. తోట గుత్తకు తీసుకుని మందు కొట్టి కాయ కోసినవాడి పేరు పాసుపుస్తకంలో ఉండదు. ప్రకటన చేసేవాళ్ల మనసులో ఉండే రైతు అంటే పట్టా ఉండి, తన కాయ తనే ఫ్యాక్టరీకి తోలేవాడు. మామిడిలో అలాంటివాళ్లు కొంతమందే.

భూమి సంగతికి వద్దాం, గ్రీవెన్స్‌కు వచ్చే అర్జీల్లో ఎక్కువ అవే. భూముల రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. చాలా ఊర్లలో అన్నదమ్ములకో, పక్కపక్క రైతులకో ఉన్న వేర్వేరు కయ్యలను కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం చేసేశారు. ఇక అందులో ఒకరు బ్యాంకు లోను తీసుకోవాలన్నా, పది సెంట్లు అమ్మాలన్నా మిగతావాళ్లంతా సంతకానికి రావాలి. ఒకరు బెంగళూరులో ఉంటారు, ఇంకొకరు చనిపోయి వారసుల పేర్లు ఎక్కి ఉండవు. పని అక్కడే ఆగిపోతుంది. విస్తీర్ణం సంగతి వేరే. పాత అడంగల్‌లో ఎకరా ముప్పై సెంట్లు ఉన్నది కొత్త పుస్తకంలో ఎకరా ఇరవై రెండు అని వస్తే, ఆ ఎనిమిది సెంట్లు గెనిమికి (గట్టుకు) అవతలివాడికి పోయాయా, గొలుసు కొలతకూ ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్ కొలతకూ తేడానా అన్నది కొలిస్తే గానీ తేలదు.

దీని మీద రాజకీయంగా జరిగిన పెద్ద చర్చ ఏమిటి? పాసుపుస్తకం అట్ట మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేశారని ఒక వాదం. ప్రభుత్వం మారాక బొమ్మ తీసి రాజముద్ర వేశారు. ల్యాండ్ టైటిలింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. బొమ్మ తీయడం సరైన పనే, నేనూ ఒప్పుకుంటా. కానీ అట్ట మారినంత మాత్రాన లోపలి ఎల్‌పీఎం మారదు. రైతును కయ్య విడదీసే సబ్‌డివిజన్‌కు దరఖాస్తు పెట్టుకోమని తిప్పి పంపిస్తున్నారు. తప్పు చేసింది సర్వే, సరిచేయించుకోవాల్సింది రైతు.

కౌండిన్య:

నేను కొంచెం ఎదురు చెబుతా. నాయకులు వినరు అనేది పూర్తిగా నిజం కాదు. పలమనేరు, కుప్పం పక్క ఏనుగుల సమస్య ఏండ్లుగా ఉండాది. అడివి ఏనుగులను తోలే, శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు కావాలని అడిగితే ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కర్ణాటకతో మాట్లాడినారు, 2025 మేలో వాళ్లు అప్పగించినారు. ముసలిమడుగు కాడ క్యాంపు వచ్చింది. ఆయప్ప ఈ పక్కోడు కాదు, అయినా పని జరిగింది. చెప్పే విధంగా చెబితే పైవాళ్లు కదులుతారనేదానికి ఇది సాక్ష్యం.

అయితే కుంకీలు వచ్చినంత మాత్రాన సరిపోదు. మందను అడివిలోకి తోలినాక మళ్లీ రాకుండా ఆపేది కందకమూ సోలార్ కంచె. కందకం బండ తగిలిన చోట లోతు రాదు, వంక దాటే చోట తవ్వలేరు. ఏనుగు సరిగ్గా ఆ సందులోనే దాటుతుంది. రెండు వానలకు గట్టు జారి పూడిపోయిన కందకం దానికి మెట్టు లెక్క అవుతుంది. సోలార్ కంచెకు తీగ చెట్లు పాకితే కరెంటు నేలకు దిగిపోయి దెబ్బ ఉండదు. వారానికోసారి కంచె కింద గడ్డి కోయాల, బ్యాటరీలో నీళ్లు చూడాల, వోల్టేజి కొలిచి పుస్తకంలో రాయాల. ఆ పనికి మనిషిని ఎవరు పెడతారు, కూలి యాడి నుంచి వస్తుందనే ప్రశ్నకు జవాబు లేదు. ప్రారంభోత్సవానికి పిలిస్తే నాయకుడు వస్తాడు. గడ్డి కోసే మనిషి కూలికి ఏ సభా ఉండదు. నా లెక్కన దూరం అంటే అదీ. కష్టం తెలుసు, కష్టం రోజూ ఉంటుందని మాత్రం తెలీదు.

పంట నష్టానికి అర్జీ పెట్టేవాళ్లకు ఒక మాట. తొక్కిన చెట్లను, విరిగిన డ్రిప్ పైపులను తెల్లారి సర్దేయొద్దు. ముందు అటవీ శాఖ బీట్ అధికారికి ఫోన్ చేయండి, అడుగుజాడ, పేడ, విరిగిన మొక్క ఒకే ఫొటోలో వచ్చేట్టు తీయండి. పంచనామాలో చెట్ల సంఖ్యతో పాటు వాటి వయసు కూడా రాయించండి. మూడేండ్ల మామిడి మొక్కకూ కాపుకొచ్చిన చెట్టుకూ నష్టం ఒకటి కాదు.

అలిపిరి దారి:

తిరుపతి నుంచి ఒక కోణం. ఇక్కడ ఎమ్మెల్యే, ఎంపీ ఆఫీసుల్లో ఎక్కువ పని ఏమిటంటే దర్శనం సిఫార్సు లేఖలు. బ్రేక్ దర్శనానికి ఎవరి లేఖ ఏ రోజుకు, ఎంతమందికి, పేర్లు ఆధార్‌తో కలిశాయా లేదా. పీఏల ఫోన్లన్నీ దానికే మోగుతుంటాయి. మురుగు కాలువ గురించి వచ్చినవాళ్లు ఆ వరసలో వెనక పడతారు. జనం నాయకుడిని ఏం అడుగుతారో, నాయకుడి ఆఫీసు అలాగే తయారవుతుంది. ఈ మాటలో నాయకుడి తప్పు సగమే ఉంది, తక్కినది లేఖ కోసం వరస కట్టినవాళ్లది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. లేఖ మీద పోయేవాళ్లు ఎప్పుడూ టోకెన్ క్యూలో నిలబడరు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. అంతకుముందు ఏర్పాట్ల మీద సమీక్షలు జరగలేదా? జరిగాయి. జనాన్ని గంటల తరబడి ఒకచోట ఆపి ఒక్క గేటు తెరిస్తే ఏమవుతుందో క్యూలో నిలబడే మామూలు భక్తుడికి తెలుసు, సమీక్ష గదిలో అది ఎవరి నోటా వచ్చినట్టు లేదు. తర్వాతి ఏడు మొదటి మూడు రోజుల టోకెన్లు ఆన్‌లైన్ ఈ-డిప్‌కు (లాటరీ పద్ధతికి) మార్చారు. తోపులాట లేకుండా చేయడానికి అది పనికొచ్చే మార్పే. అయితే ఫోన్‌లో నమోదు చేసుకోవడం చేతగాని ముసలివాళ్లు, పల్లె నుంచి గుంపుగా నడిచొచ్చేవాళ్లు ఆ మూడు రోజులకు ఏం చేయాలి? ఈ ప్రశ్న కూడా క్యూలో నిలబడేవాడికే తడుతుంది. నీవానది గారూ, మీరనే దారి ఎంత బాగు చేసినా, నిర్ణయం చేసేవాడు ఆ వ్యవస్థను తన ఒంటితో వాడకపోతే అతని ఊహకు అందని చోటు ఒకటి మిగిలే ఉంటుంది.

నీవానది:

అలిపిరి దారి గారి మాట బలమైనది. అయినా ఆలోచించండి. ప్రతి మంత్రినీ ప్రతి క్యూలో నిలబెట్టలేం. రేషన్ బియ్యం, 108 అంబులెన్సు, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్, పశువుల ఆస్పత్రి అన్నీ ఒక మనిషి వాడి చూడడం జరిగే పని కాదు. అందుకే పైకి పోయే కాగితం నిజం చెప్పేట్టు ఉండాలంటున్నా. ఇప్పుడు శాతం అడుగుతున్నారు. దాని బదులు ప్రతి సమీక్షలో మూసిన అర్జీల్లోంచి పదింటిని చిట్టీ తీసి, అర్జీదారుకు అక్కడే ఫోన్ చేసి, "మీ ఇంటికి ఎవరైనా వచ్చారా, కొలిచారా, కాగితం ఇచ్చారా" అని మంత్రే అడిగితే చాలు. రికార్డు గొంతుతో ఐవీఆర్‌ఎస్ ఫోన్ వచ్చి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే దాంతో ఏమీ తేలదు. ఆ ఫోన్ వచ్చేసరికి సగంమందికి అది ఏ అర్జీ గురించో గుర్తుండదు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ చూడరు. అర్జీ రాసిపెట్టే మనిషి చాలాసార్లు తన నంబరో ఇంటర్నెట్ సెంటర్ నంబరో వేస్తాడు. మెసేజీలన్నీ అక్కడికి పోతాయి. రైతుకు ఏమీ తెలియకముందే అర్జీ మూతపడుతుంది.

సర్వే రాయి:

ఆ నంబరు సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. అర్జీ పెట్టేవాళ్లు ఇది పాటించండి. ఒక అర్జీలో ఒకే సమస్య. దారి తగాదా, పాసుపుస్తకం, పింఛను మూడూ ఒకే కాగితంలో రాస్తే ఆపరేటర్ మొదటిదాన్ని బట్టి శాఖ ఎంచుతాడు, మిగతా రెండూ దాంతోనే మూతపడతాయి. భూమి అర్జీలో పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీఎం, ఖాతా నంబరు, ఎకరాలు సెంట్లు, తేడా ఎంతో విడిగా రాయండి. రిజిస్టర్ డాక్యుమెంట్ నకలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత అడంగల్ జతచేయండి. "న్యాయం చేయగలరు" అని వదిలేస్తే దేనితోనైనా మూయొచ్చు. "చుట్టుపక్కల రైతులకు నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో కొలిచి, కొలత రిపోర్టు కాపీ ఇప్పించగలరు" అని రాయండి. అప్పుడు కొలవకుండా మూస్తే ఆ తప్పు కాగితం మీదే కనబడుతుంది.

అయినా మూసేస్తే రీఓపెన్ అడగండి. దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు: నా అర్జీ నంబరు మీద క్షేత్ర పరిశీలన ఏ తేదీన జరిగింది, ఎవరు వచ్చారు, ఆ రిపోర్టు నకలు ఇవ్వండి. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో ముప్పై రోజుల లోపు మొదటి అప్పీలు. పరిశీలనే జరగకపోతే ఇవ్వడానికి రిపోర్టు ఉండదు. చాలా అర్జీలు ఈ దరఖాస్తు పడినాకే కదులుతాయి.

తోటకాపు:

మీరిద్దరూ రైతుకు ఇన్ని మెలకువలు నేర్పుతా ఉండారు, మంచిదే. ఈసీ అంటే ఏందో తెలీని ముసలామె ఏం చేయాల? ఆమె ఓటు వేసింది అర్జీ రాయడం నేర్చుకోవడానికి కాదు. ఆమె తరఫున అడగాల్సినోడు ఎమ్మెల్యే. సోమవారం ఆయన కూడా మండల ఆఫీసులో కూర్చోవాల. అది అడగండి ముందు.

కౌండిన్య:

అది వద్దన్నా. ఎమ్మెల్యే కూర్చుంటే కార్యకర్త తెచ్చిన అర్జీ ముందు, మిగతావి వెనక. పోయిన ఎన్నికల్లో అవతలి పక్క తిరిగినోడు ఆ గదిలోకే రాడు. ఇప్పుడు కనీసం కలెక్టర్ ముందర అందరూ నిలబడగలుగుతా ఉండారు, అదొక్కటీ చెడగొట్టుకోవద్దు.

తోటకాపు:

భయం ఉండేది నిజమే. దానికి విరుగుడు ఆయన్ను తప్పించడం కాదు. అర్జీ నంబరు పడినాకనే ఆయన చేతికి పోవాల, వరస మార్చకూడదు, ఆయన ఏం చెప్పినాడో అదే నంబరు కింద రాయాల. ఎమ్మెల్యే చెప్పిన మాటకు రికార్డు లేకపోవడమే ఇప్పుడు అసలు రోగం. నోటి మాటగా తహసీల్దారుకు ఫోన్ చేస్తాడు, పని కాకపోతే ఎవరినీ అడగలేం.

అలిపిరి దారి:

ఎమ్మెల్యే కూర్చోవడంపై మీరు తేల్చుకునేలోపు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటి ఉంది. జడ్పీ సర్వసభ్య సమావేశానికి ఎమ్మెల్యేలు, ఎంపీలు, జిల్లా అధికారులు అందరూ ఒకే గదికి వస్తారు. 2022లో జిల్లాలు విడిపోయినా జడ్పీ విడిపోలేదు, చంద్రగిరి, శ్రీకాళహస్తి సంగతి కూడా చిత్తూరు జడ్పీలోనే అడగాలి. మీ జడ్పీటీసీ సభ్యుడు ఏ పార్టీ అయినా సరే, ప్రశ్నను రాతపూర్వకంగా ముందే జడ్పీ సీఈవోకు ఇమ్మనండి. నోటి ప్రశ్నకు "పరిశీలిస్తాం" అంటారు, రాసిచ్చిన ప్రశ్నకు కాగితం మీద జవాబు తేవాలి.

ప్రశ్న ఇలా ఉంటే బాగుంటుంది: ఫలానా మండలంలో గత మూడు నెలల్లో మూసిన రెవెన్యూ అర్జీలెన్ని? వాటిలో కొలత జరిగినవెన్ని? కోర్టుకు వెళ్లమని మూసినవెన్ని? జాయింట్ ఎల్‌పీఎంలు ఎన్ని ఉన్నాయి, విడదీసినవెన్ని?

సర్వే రాయి:

చివరిదానికి "రైతు దరఖాస్తు లేకుండా సర్వే శాఖ తనంతట తాను విడదీసినవెన్ని" అని కూడా చేర్చండి. దరఖాస్తు మీద చేసినవీ ఆ సంఖ్యలో కలిపేస్తారు.

నీవానది:

చేర్చుతా. తోటకాపు తమ్ముడూ, సీజన్ రాకముందే మామిడికీ ఒక ప్రశ్న రాసివ్వు: ఫ్యాక్టరీ వారీగా రోజుకు ఎన్ని టన్నులు, ఊరి వారీగా కోత తేదీలు ఎప్పుడు ప్రకటిస్తారు.

తోటకాపు:

గుత్తదారు పేరు మీద తూకం చీటీ ఇస్తారా ఇవ్వరా అనేది కూడా అందులోనే పెడతా. ఎమ్మెల్యే సోమవారం కూర్చోవాలనే మాట మాత్రం నేను వదల్లేదు.

కౌండిన్య:

నేనూ వద్దనే మాట వదల్లేదు. కంచె కింద గడ్డి కోసే కూలి ఏ పద్దులో ఉందో, ఆ ప్రశ్న కూడా కలపండి. అటవీ శాఖ వాళ్లు ఆ సమావేశానికి వస్తారు.